తెల్లపెట్టె కింద తడి

ఏప్రిల్ 2

విషయం ప్రకటించారు: "ఎండలే ఈ దేశపు సంస్కృతిని మలిచాయి." ఈ యేటి డిబేట్ పోటీలన్నింటికీ ఇదొక్కటే విషయం, ఎవరిది ఏ పక్షమో మాత్రం ప్రతి రౌండుకూ చీటీ తీసి తేలుస్తారు. సెమీఫైనల్‌కు నాకు సమర్థన వచ్చింది. నోటీసుబోర్డు ముందే నవ్వేశాను.

"పళ్లు లోపల పెట్టుకోవే, ఇంకా గెలవలేదు, అవతల నిదానం ఉన్నాడు, వాడు ఒక్కో మాట తీసేలోపు జడ్జీలకు జాలి పుడుతుంది, జాలికి మార్కులు పడతాయి," అంది కామా. నా జట్టులో రెండో మనిషి ఆమె. వాక్యం ముగించడం చేతకాదు గనుక కాలేజీ ఆమెకు ఆ పేరు పెట్టింది. నాకు పెట్టిన పేరు ఖండన. ఈ పేరును నేను ఖండించలేదు.

ఈ విషయం మీద నాకున్న అధికారం ఇక్కడ మరెవరికీ లేదు. నేను ఎండను కొలిచే ఇంట్లో పెరిగాను.

ప్రసంగపు చిత్తుప్రతి: మన న్యాయస్థానాలు సూర్యోదయానికే ఎందుకు తెరుచుకుంటాయి? మన కిటికీలు ఎందుకంత ఇరుకు? ఎవరింటికి ఎవరు వెళ్లినా మొదట వినిపించే మాట "బాగున్నారా" కాక "ముందు లోపలికి రండి" ఎందుకయింది? ఒక తరం ఎండదెబ్బకు రోడ్ల మీద కూలిపోతే, మరుసటి తరం చట్టం రాసుకుంది: నలభై అయిదు డిగ్రీలు తాకగానే ఊరి సైరన్ మోగాలి, సాయంత్రం అయిదింటివరకు ఆరుబయట ఏ పనీ జరగరాదు. పోలీసుకు లొంగని జాతి పాదరసానికి లొంగింది. నాగరికత అంటే ఇంతకన్న ఏముంది?

చివరి వాక్యం దగ్గర ఆగాలి. చప్పట్లు పడతాయి.

ఏప్రిల్ 5

ఆధారాలు సేకరించాను. ఆధారాలంటే మా ముంగిలే. గుమ్మానికి ముప్పై అడుగుల్లో తెల్లపెట్టె: నాలుగు కాళ్లు, గాలి ఆడే రెక్కల గోడలు, ఎండ పడకుండా ఉత్తరం వైపు తలుపు. లోపల థర్మామీటర్లు. నాన్న ఇరవై ఆరేళ్లుగా ఈ వాతావరణ కేంద్రంలో అబ్జర్వరు. రోజూ రెండున్నరకు కళ్లజోడు తుడుచుకుని తలుపు తీస్తారు, ఊపిరి బిగబట్టి చూస్తారు, రిజిస్టరులో రాస్తారు. ఊపిరి సోకినా అంకె చెడుతుందని ఆయన నమ్మకం. ఇంత నిష్ఠ గల మనిషిని నేను మా ప్రొఫెసర్లలో చూడలేదు.

పదకొండో యేట నుంచి నాకూ ఈ కొలువులో భాగముంది. ఒంటిగంటకు పెట్టె కింద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి, గోనెపట్టాలు తడిపి పరచడం నా పని. కాలేజీ ఉన్న రోజుల్లో అమ్మ చేస్తుంది. రిజిస్టరు సాఫు ప్రతులు కూడా నా చేతిరాతే.

తొమ్మిదేళ్ల పేజీలు తిరగేశాను. అత్యధికం 44.8. సైరన్ ఒక్కసారి కూడా మోగలేదు.

"నాన్నా, తొమ్మిదేళ్లలో ఒక్క రోజు కూడా దాటలేదా?"

"రాసిందే కదమ్మా ఉంటుంది."

"అంటే?"

"అంటే భోజనం చల్లారిపోతోందని."

నాకు కొత్త వాదన దొరికింది. ఈ ఊరిలో ఎండకన్న ఎండ జ్ఞాపకం ఎక్కువ. భయం కూడా ఒక సంస్కృతే.

ఏప్రిల్ 9

గెలిచాం.

నిదానం బాగానే మాట్లాడాడు. శత్రువుకు న్యాయం చేయడం నా అలవాటు. ప్రతి వాక్యానికీ ముందు మూడు సెకన్లు ఆగుతాడు. ఆగి అన్నాడు: "ఎండ సమాజాన్ని మలచదు. ఎండలో ఎవరు నిలబడాలో సమాజమే తేలుస్తుంది. మా అమ్మ రోడ్డుకు తారు వేస్తుంది. నలభై అయిదు ఎన్నోసార్లు దాటిందంటుంది. సైరన్ మాత్రం మోగలేదు."

నేను లేచాను. "అధ్యక్షా, ప్రతిపక్ష మిత్రుడి మాతృమూర్తి పట్ల నాకు గౌరవముంది. కానీ అలసట సాక్ష్యం కాదు. తొమ్మిదేళ్ల రిజిస్టరు ఇదిగో, ఒక్క రోజు కూడా నలభై అయిదు లేదు. మనిషికి చెమట పడుతుంది, అనుమానం పుడుతుంది. రిజిస్టరుకు చెమట పట్టదు."

హాలు దద్దరిల్లింది. వెనక బెంచీలవాళ్లు బల్లలు చరిచారు. నిదానం తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

ఇంట్లో చెబితే అమ్మ, "రిజిస్టరు సంగతి అందరి ముందూ ఎందుకే?" అంది. నాన్న మంచినీళ్లు తాగి లేచిపోయారు. వాళ్లకు డిబేట్ అంటే ఏమిటో తెలియదు.

ఏప్రిల్ 13

రోజంతా లైబ్రరీ. బయట నడిస్తే చెప్పు అడుగు మెత్తబడింది. రిజిస్టరులో 44.7.

ఏప్రిల్ 14

నిన్న మధ్యాహ్నం నిదానం వాళ్లమ్మ రోడ్డు మీద పడిపోయింది.

కామా, నేను ఆస్పత్రికి వెళ్లాం. మంచం చివర ఆవిడ పాదాలు కనిపించాయి. వేళ్ల సందుల్లో తారు. నర్సు కిరోసిన్ దూదితో తుడుస్తోంది. నిదానం వరండాలో గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఎలా ఉంది?" అంది కామా. ఆమె అంత పొట్టి వాక్యం మాట్లాడటం అదే మొదటిసారి.

మూడు సెకన్లు. "నన్ను గుర్తుపట్టడం లేదు. నీళ్లు పట్టావా, నీళ్లు పట్టావా అంటోంది. కొళాయి దగ్గరున్నాననుకుంటోంది."

"రోడ్డు మేస్త్రీ వచ్చాడా?" కామాయే అడిగింది.

"వచ్చాడు. పొద్దున తినకుండా వచ్చింది, అందుకే పడిందన్నాడు. ఎండే అయితే సైరన్ మోగేది కదా అన్నాడు." నా వైపు చూశాడు. "నీ మాటే."

జేబులోంచి కెమిస్ట్రీ ల్యాబు థర్మామీటరు తీశాడు. నిన్న ఆవిడ పడిన చోట, సైకిలు నీడలో వేలాడదీస్తే నలభై ఆరు పైన చూపించిందట.

నేను ఏమన్నానో ఇక్కడ రాయాలి. సైకిలుకు వేలాడదీసిన థర్మామీటరుకు ప్రామాణికత లేదన్నాను. తారు పక్కన కొలిస్తే తారు వేడే వస్తుందన్నాను. నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే నీడలో, తెల్లపెట్టెలో కొలవాలని వివరించాను. ఆస్పత్రి వరండాలో. కామా నా మోచెయ్యి పట్టుకుని లాగింది.

"సరే," అన్నాడు నిదానం. "అయితే నువ్వే కొలువు."

ఏప్రిల్ 15

నా వాదన సరైనదే. శాస్త్రం ప్రకారం సరైనదే.

ఏప్రిల్ 16

అతని తప్పు నిరూపించడానికే కొలిచాను. ఈ మాట స్పష్టంగా రాసి ఉండాలి.

ఫిజిక్స్ ల్యాబు నుంచి తనిఖీ ముద్ర ఉన్న థర్మామీటరు తెచ్చాను. అట్టపెట్టెకు చుట్టూ చిల్లులు పెట్టి, తెల్లరంగు పూసి, కేంద్రం ఆవరణ అవతలి మూలలో నాలుగడుగుల కర్రకు కట్టాను. రెండున్నరకు చూశాను. నా అట్టపెట్టెలో 46.0. తెల్లపెట్టెలో 44.6.

పరికరంలో లోపమనుకున్నాను. ల్యాబు థర్మామీటరును తెచ్చి తెల్లపెట్టెలో పెట్టి పావుగంట ఆగాను. అదీ 44.6 కు దిగింది. రెండు పరికరాలూ నిజమే చెబుతున్నాయి.

పెట్టె కింద కూర్చున్నాను. చల్లగా ఉంది. నా చీర అంచు తడిసింది.

ఇవాళ కూడా ఒంటిగంటకు అమ్మ బకెట్టుతో వచ్చి, "జరుగు, కాళ్లు తడుస్తాయి," అనడం నేను చూస్తూనే ఉన్నాను. తొమ్మిదేళ్లుగా చూస్తూనే ఉన్నాను. అందులో సగం రోజులు బకెట్టు నా చేతిలోనే ఉంది.

ఏప్రిల్ 17

గోనెపట్టాలు.

సైరన్ ఆగింది నా పదకొండో యేట.

ఏప్రిల్ 18

రికార్డుల గదిలో నాన్నను నిలదీశాను. వాదన సిద్ధం చేసుకుని వెళ్లాను: మూడు ప్రశ్నలు, ఆయన ఏ జవాబిచ్చినా నాలుగోది. మొదటి ప్రశ్నకే ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కళ్లజోడు లేని ముఖంతో ఎలా వాదించాలో నాకు ఎవరూ నేర్పలేదు.

"ఎవరు చెప్పారు నీకు?"

"థర్మామీటరు చెప్పింది."

ఆయన కిటికీలోంచి పెట్టె వైపు చూశారు. "నీ పదకొండో యేట వరసగా ఇరవై రెండు రోజులు సైరన్ మోగింది. గుర్తుందా?"

"గుర్తుంది. బడికి సెలవులిచ్చారు."

"నీకు సెలవులు. వాళ్లకు పొయ్యి వెలగలేదు. పని ఆగితే కూలీ లేదు కదా, చట్టంలో దాని ఊసే లేదు. ఇరవై మూడో రోజు మన గేటు దగ్గరికి ముప్పైమంది వచ్చారు. ఆఫీసర్లు కాదు తల్లీ, కూలివాళ్లు. అయ్యా, ఒక్క గీత తగ్గించండి, పిల్లలు పస్తులున్నారు అన్నారు. ఒకావిడ నా కాళ్లు పట్టుకుంది."

"మీరు అంకె తగ్గించారు."

"లేదు!" ఇన్నేళ్లలో నాన్న గొంతు పెంచడం వినలేదు. "అబద్ధపు అంకె వేయడం నా వల్ల కాలేదు. ఏ రోజూ వేయలేదు. పెట్టెలో ఉన్నది ఉన్నట్టే రాశాను. కింద కాసిని నీళ్లు పోయించాను, అంతే."

"నాతో పోయించారు."

"నీకు అప్పట్లో నీళ్లాట ఇష్టం."

నేను రెండో ప్రశ్నకు వెళ్లాను.

"పై ఆఫీసుకు తెలియదా?"

"రెండో యేడు తనిఖీకి వచ్చారు. తడి చూశారు. ఉద్యోగం పోయిందనుకున్నా. వారం తిరక్కుండా ఇంకో నాలుగు గోనెపట్టాలు పంపించారు."

"నేను వేదికెక్కి ఆ అంకెలు చదువుతానని మీకు తెలుసు. ఆపలేదు."

అమ్మ గుమ్మంలో ఉందని అప్పుడు చూశాను. "ఏమని ఆపమంటావు? నువ్వు పోసిన నీళ్లేనమ్మా అని చెప్పాలా? కాలేజీలో గెలిచావు కదా, ఇంట్లో కూడా గెలవాలా?"

రెండు విషయాలు నమోదు చేస్తున్నాను. ఒకటి: ఊపిరి బిగబట్టి అంకె చదివే నిష్ఠను నేను ఇన్నాళ్లూ పూజించాను. ఆ నిష్ఠే పెద్ద మోసం. కింద తడి పరిచి, పైన ఊపిరి బిగబట్టడం. రెండు: ఆ ముప్పైమంది కథ కల్పితం. తన నెత్తి మీదికి ఎండను తానే అడిగి తెచ్చుకునే మనిషి ఉండడు. నాన్న ఆ కథను తన కోసం అల్లుకున్నారు.

ఏప్రిల్ 19

ఫైనల్‌కు చీటీ తీశారు. నాకు వ్యతిరేక పక్షం వచ్చింది.

"ఇంకేం, నిదానం చెప్పిందే నువ్వు రెండింతల వేగంతో చెప్పెయ్యి, వాడు ఓడిన వాదనతో మనం గెలుస్తాం, అవునూ, వాళ్లమ్మ కళ్లు తెరిచిందట, కిడ్నీలు మాత్రం, ఏమోనే," అంది కామా.

అమ్మతో మాట్లాడటం లేదు. నాన్నతో అవసరమైన మేరకే.

ఏప్రిల్ 20

నిదానానికి చెప్పాలి.

ఏప్రిల్ 21

రేపు చెబుతాను.

ఏప్రిల్ 22

రోడ్డు పనిలో జరిగిన ప్రమాదం మీద విచారణ కమిటీ వేశారు. పదమూడో తేదీ రీడింగుకు ధ్రువప్రతి, అంటే సంతకంతో ధ్రువీకరించిన నకలు, పంపమని కేంద్రానికి ఉత్తరం వచ్చింది. నలభై అయిదు దాటి ఉంటే పని చేయించినవాడిది తప్పు. దాటకపోతే తినకుండా వచ్చినదాని తప్పు. అంతే విచారణ.

నాన్న కాగితం, కలం నా ముందు పెట్టారు. సాఫు ప్రతి రాసిమ్మన్నారు. ఆయన ముఖం చూశాను.

రాసిచ్చాను. పదమూడో తేదీ, 44.7. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టే రాశాను. నకలు తీయడం సాక్ష్యం చెప్పడం కాదు. అసలు విషయం బయటపెట్టడానికి ఫైనల్ వేదిక ఉంది. అక్కడైతే ఊరంతా వింటుంది. వ్యూహరీత్యా అదే సరైనది.

ఏప్రిల్ 24

వరసక్రమంలో రాస్తాను.

పొద్దున మొదటి బస్సుకు నాన్న ధ్రువప్రతి పట్టుకుని కమిటీ ఆఫీసుకు బయల్దేరారు. బీపీ మనిషి గనుక అమ్మ కూడా వెళ్లింది. గేటు దగ్గర వెనక్కి తిరిగి, "రెండున్నర రీడింగు నువ్వు తియ్యాలమ్మా. పట్టాలు..." అని ఆగారు. వాక్యం ముగించలేదు. నేనూ ముగించలేదు.

ఫైనల్ రెండున్నరకే. రీడింగు తీసి పరుగెడితే నా వంతుకు అందుకోవచ్చు.

ఒంటిగంటకు కొళాయి తిప్పి బకెట్టు నింపాను. చేతికి అలవాటు. నిండాక దాని పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. పట్టాలు ఎండి, అంచులు పైకి లేచి, అప్పడాల్లా వంకరపోయాయి. గంటన్నర అలా కూర్చున్నాను. నా జీవితంలో ఏమీ మాట్లాడకుండా, ఏమీ చదవకుండా గడిపిన అతి పొడుగైన గంటన్నర.

రెండున్నరకు తలుపు తీశాను. నేనూ ఊపిరి బిగబట్టాను. 45.9.

రాశాను. ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేశాను.

"వాతావరణ కేంద్రం నుంచి మాట్లాడుతున్నాను. నలభై అయిదు దాటింది. సైరన్ వేయండి."

"ఏం సైరనమ్మా?"

"ఎండ సైరన్."

"అదింకా ఉందా?" అవతల ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టారు. "ఒరే, ఎండ సైరన్ స్విచ్ ఎక్కడుందిరా? క్యాలెండర్ వెనకా? తీసి చూడు."

ఆరు నిమిషాలు పట్టింది. తరవాత మోగింది.

నేను ఊహించుకున్నది ఇది: వీధులు ఖాళీ అవుతాయి, షట్టర్లు దిగుతాయి, నా మొదటి ప్రసంగంలోని జాతి పాదరసానికి తల వంచి లోపలికి నడుస్తుంది.

జరిగింది ఇది: ఊరంతా బయటికి వచ్చింది. ఒక్కో తలుపూ తెరుచుకుంది. దర్జీ మెడలో టేపుతో వచ్చాడు. సగం గడ్డం గీసుకున్న మనిషి సగం నురగతో వచ్చాడు. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. అందరూ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూశారు. "ఎక్కడంటుకుంది?" "గోడౌన్లోనట." "కాదు, డ్యామ్ తెగిందట, మేడలెక్కండి." కొందరు మేడల మీదికి ఎక్కారు. తొమ్మిదేళ్లుగా సైరన్ వినని ఊరు, సైరన్ అంటే లోపలికి పోవాలని మరిచిపోయింది. ఇస్త్రీ బండి తాత ఒక్కడే, "ఎండ సైరనర్రా! లోపలికి పొండి! లోపలికి!" అని అరుస్తున్నాడు. ఆయన గొంతు సైరన్ కింద నలిగిపోయింది. నేనూ అరిచాను. నేనెవరికి వినిపిస్తాను?

వీధి చివర రోడ్డు పని ఆగింది. నేను అటు పరుగెత్తాను. ఎందుకో ఇప్పుడు ఒప్పుకోవచ్చు: వాళ్లయినా సంతోషిస్తారని.

మేస్త్రీ వాచీ చూసుకుని, "ఇక పొండి, సగం రోజే రాస్తా," అన్నాడు. ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒకావిడ తట్ట దించింది. "ఎవరు మోగించారిది?"

"నేనే," అన్నాను.

ఆవిడ గుడ్డ కిందికి లాగింది. "నీకేం పోయేకాలమే తల్లీ? ఇవాళ మోగితే రేపూ మోగుతుంది. వారం మోగితే ఏం తింటాం, నీ చదువు తింటామా? అప్పుడు మీ నాన్న కాళ్లు పట్టుకుంటే ఆయన మనసు కరిగింది. ఆ కడుపున పుట్టావా అసలు?"

"ఊరుకోవే," అంది పక్కనున్న పెద్దావిడ. "మొన్న అది పడిపోతే ఎత్తింది మనమే కదా. నువ్వూ పడతావా?"

"పడితే పడతాను. తిని పడతాను."

ఇద్దరూ నన్ను వదిలేసి ఒకరితో ఒకరు పోట్లాడుకోసాగారు.

ముప్పైమంది కథ కల్పితం కాదు.

ఫైనల్‌కు వెళ్లలేదు. సాయంత్రం కామా వచ్చింది. "నువ్వు రాలేదని నన్నొక్కదాన్నే లేపారు, నోరు తెరిచానో లేదో మోగింది, జడ్జీలతో సహా అందరూ గ్రౌండులోకి పరుగెత్తారు, ఒకమ్మాయి అక్కడే కళ్లు తిరిగి పడిపోయింది, ఇప్పుడు బాగానే ఉందిలే, ఏమే, నువ్వేనా?"

నేనే అన్నాను. కామా మొదటిసారి పూర్తిగా ఆగిపోయింది.

రాత్రి నాన్న వచ్చి రిజిస్టరు తెరిచారు. నా అంకెను చాలాసేపు చూశారు. దాని కింద సంతకం చేసి పడుకున్నారు.

ఏప్రిల్ 25

పొద్దున నిదానం గేటు దగ్గరికి వచ్చాడు. నేను చెప్పదలచుకున్నవన్నీ వరసగా చెప్పాను: నీళ్లు, పట్టాలు, పదహారున అట్టపెట్టెలో చూసిన 46.0. అతను అడ్డు రాలేదు.

మూడు సెకన్లు. "నిన్న అమ్మకు సైరన్ వినిపించింది. పని ఆపేశారా అనడిగింది. పన్నెండు రోజుల్లో అర్థమున్న మాట అదొక్కటే."

"మంచిదే కదా."

"మంచిదే." జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి విప్పాడు. ధ్రువప్రతి. "కమిటీవాళ్లు నాకూ ఒక నకలిచ్చారు. పదమూడో తేదీ, నలభై నాలుగు పాయింట్ ఏడు. ఏడంకె నడుముకు అడ్డగీత ఉంది చూడు. కాలేజీలో అలా గీసేది నువ్వొక్కదానివే. ఇది ఎప్పుడు రాశావు?"

"ఇరవై రెండున."

"నువ్వు కొలిచింది పదహారున."

అతను ఆగాడు. ఈసారి ఆగింది తను మాట్లాడటానికి కాదు, నేను మాట్లాడతానని. నేను వేదికల మీద గడిపిన అయిదేళ్లలో ఏ ప్రత్యర్థీ నాకు అంత సమయం ఇవ్వలేదు. నేను ఆ కాగితం మీది ఏడంకెనే చూస్తూ నిలబడ్డాను.

"మీ నాన్ననేమీ అనను," అన్నాడు. "ఆయనెవరో నాకు తెలియదు. నువ్వు తెలుసు."

కాగితాన్ని గేటు స్తంభం మీద పెట్టి, ఎగిరిపోకుండా ఒక రాయి పెట్టి వెళ్లిపోయాడు.

మోసపోయానని పది రోజులుగా ఈ పేజీల్లో రాసుకుంటున్నాను. వెనక్కి తిప్పి చదివాను. పదహారు నుంచి ఇరవై రెండు దాకా ఆరు రోజులు. అందులో రెండు రోజులు ఒక్కో వాక్యం.

ఒంటిగంటకు అమ్మ బకెట్టుతో గుమ్మంలో నిలబడింది. నన్ను చూసింది, నాన్నను చూసింది. నాన్న పేపరు దించకుండానే, "అక్కడ పెట్టెయ్యి," అన్నారు. అమ్మ ఆ నీళ్లు తీసుకెళ్లి గేటు బయట, పని ఆగితే నీడకు వచ్చి కూర్చునేవాళ్లకోసం చెంబుతో సహా పెట్టింది.

రెండున్నరకు 45.2. సైరన్ మోగింది. వీధిలోకి వచ్చినవాళ్లు నిన్నటికన్న తక్కువ. తట్ట దించినావిడ వచ్చి మా గోడ నీడలో కూర్చుంది. నా ముఖం చూడలేదు. నీళ్లు తాగింది.

కమిటీకి రాయడానికి కూర్చున్నాను. అధ్యక్షా అని మొదలుపెట్టి కొట్టేశాను. "తెల్లపెట్టె కింద తొమ్మిదేళ్లు నీళ్లు పోసినవాళ్లలో నేనొకదాన్ని" అన్నది మొదటి వాక్యం. దాని కింద కూలివాళ్ల మాటా రాశాను, నాలుగు కొత్త పట్టాల మాటా రాశాను. నాన్న వెనక నిలబడి చదివారు. పట్టాలు వచ్చిన తేదీ తప్పు వేశానని సరిచేశారు.

పదమూడో తేదీ రీడింగు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. తప్పని తెలిసిన అంకెను మళ్లీ రాయక తప్పలేదు. 44.7 అని వేసి, ఏడు నడుముకు అడ్డగీత గీశాను. ఆ ధ్రువప్రతినీ ఈ ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టినప్పుడు, చెయ్యి ఒక్కటేనని వాళ్లకు తెలియాలి.